ఎంజైమ్ ‘సంతృప్తత’: ఒక పారిభాషిక పదం, రెండు వక్రరేఖలు – విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: ఎంజైమ్, అధస్థ పదార్థం, గాఢత, చర్యావేగం, సంతృప్తత, విజ్ఞాన పరిభాష.

అధస్థ పదార్థ గాఢత పెరిగేకొద్దీ ఎంజైమ్ చర్యావేగం మొదట దాదాపు అనులోమంగా పెరుగుతుంది. తరువాత ఆ పెరుగుదల మందగిస్తుంది. చివరకు వేగం ఒక గరిష్ఠ విలువను సమీపిస్తుంది. తెలుగు మాధ్యమంలో జీవశాస్త్రం చదివినవారికి కంఠస్థమైన వాక్యాలివి. వీటిలో దోషం లేదు. చిక్కంతా వీటికి అలవాటుగా ఇచ్చే వివరణలో ఉంది. క్రియాస్థానాలన్నీ నిండిపోయి ఎంజైమ్ సంతృప్తమవుతుందని చెప్పి పాఠం ముగిస్తే, విద్యార్థి మనస్సులో ఏ చిత్రం మిగులుతుందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

పదం చూపే దారి

‘సబ్‌స్ట్రేట్’ అన్న మాటకు లాటిన్ మూలంలో ‘కింద పరచినది’ అని అర్థం. ‘అధస్థ పదార్థం’ ఆ మూలార్థాన్ని పట్టుకున్నదే తప్ప, ఎంజైమ్ చేతిలో మార్పు చెందే పదార్థం అన్న క్రియను పట్టుకోలేదు. అయినా దీనివల్ల పెద్ద నష్టం లేదు. విద్యార్థి దాన్ని ఒక పేరుగానే నేర్చుకొంటాడు. పేరుకు అర్థం వెతకడు.

‘సంతృప్తత’ అలాంటిది కాదు. ఆ మాటను విద్యార్థి అంతకుముందే రసాయనశాస్త్రంలో ఒక నిశ్చితార్థంతో నేర్చుకొని వస్తాడు. సంతృప్త ద్రావణంలో మరికొంత ఉప్పు వేస్తే అది అడుగున చేరుతుంది. నికరంగా మరేమీ కరగదు. సంతృప్తమైన ఎంజైమ్ పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అది తన జీవితంలో అత్యధిక వేగంతో పనిచేస్తున్న క్షణమది. ఒకచోట పని ముగిసిన స్థితికీ, మరొకచోట పని ముమ్మరంగా సాగే స్థితికీ ఒకే పేరు. వ్యవహారంలోని ‘సంతృప్తి’ కూడా మొదటి అర్థానికే బలం చేకూరుస్తుంది. తృప్తిపడినవాడు ఇక చాలంటాడు కదా. ‘సంపూర్ణ నిమగ్నత’ వంటి మాట ఇక్కడ ఎక్కువ న్యాయం చేయగలదు.

1894లో ఎమిల్ ఫిషర్ ప్రతిపాదించిన తాళం–తాళంచెవి ఉపమానం ఈ అపోహను ఇంకొంచెం పెంచుతుంది. ఫిషర్ దాన్ని చెప్పింది ఎంజైమ్ విశిష్టతను వివరించడానికి, వేగాన్ని వివరించడానికి కాదు. తాళంలో దూరిన చెవి అక్కడే ఉంటుంది. ఆ బొమ్మలో కాలం లేదు. కాలం లేని బొమ్మతో వేగాన్ని బోధించడం సాధ్యం కాదు.

ఒకేలా కనిపించే రెండు వక్రరేఖలు

అసలు ప్రమాదం రేఖాచిత్రం దగ్గర ఎదురవుతుంది. కాలానికి ఎదురుగా ఉత్పన్న పరిమాణాన్ని గీస్తే వక్రరేఖ పైకి లేచి సమతలమవుతుంది. గాఢతకు ఎదురుగా ప్రారంభవేగాన్ని గీసినా దాదాపు అదే ఆకారం వస్తుంది. కాని మొదటిది సమతలం కావడానికి సాధారణ కారణం అధస్థ పదార్థం కరువవడం. రెండోది సమతలం కావడానికి కారణం అది పుష్కలంగా ఉండడం. అక్షాల పేర్లు చదవని కంటికి రెండూ ఒకటే. ‘నిండిపోవడం’ అన్న వివరణ ఈ తేడాను చెరిపేస్తుంది.

1913లో లియోనోర్ మైకేలిస్, మాడ్ మెంటెన్ ఇన్వర్టేజ్‌పై చేసిన కృషి విలువ ఇక్కడే తెలుస్తుంది. విక్టర్ హెన్రీ 1903 నాటికే ఇటువంటి సమీకరణాన్ని రూపొందించాడు. ఆమ్లతను అదుపులో ఉంచి, ఉత్పన్నం పోగుపడకముందే ప్రారంభవేగాలను కొలవడం మైకేలిస్, మెంటెన్‌ల ప్రత్యేకత. అంటే వారు మొదటి వక్రరేఖ ఆరంభపు వాలు నుంచి రెండో వక్రరేఖను నిర్మించారు. ఈ ఒక్క వాక్యం పాఠంలో ఉంటే సగం గందరగోళం తీరుతుంది.

అప్పనపల్లి కొబ్బరిరాశి

కోనసీమలో వైనతేయ తీరాన ఉన్న అప్పనపల్లి, కొబ్బరి వర్తకుడు మొల్లేటి రామస్వామి పేరుతో ముడిపడిన బాల బాలాజీ ఆలయంవల్ల ప్రసిద్ధం. ఆ ప్రాంతపు విద్యార్థికి తాళంచెవి కన్నా కొబ్బరి వలుపు మంచి ఉపమానం. నేలలో నిలిపిన గునపం మీద కాయ వలవడానికి కార్మికుడికి 10 సెకన్లు పడుతుందనుకుందాం. కాయలు పెరడంతా చెదిరి ఉన్నాయి. కార్మికుడి కళ్లకు గంతలు కట్టారు. ఒక్కో కాయ చేతికి తగలడానికి సగటున 10 సెకన్లు పడితే నిమిషానికి 3 కాయలు వలుస్తాడు. కాయల సాంద్రత రెట్టింపయితే వెతుకులాట 5 సెకన్లకు తగ్గి 4 కాయలవుతాయి. పదిరెట్లయితే వెతుకులాట 1 సెకను, సుమారు 5.5 కాయలు. ఎంత రాశి పోసినా 6 దాటవు. దాన్ని దాటాలంటే రెండో కార్మికుడు కావాలి, అనగా ఎంజైమ్ గాఢత పెరగాలి.

గరిష్ఠవేగంలో సగం వచ్చే గాఢతనే మైకేలిస్ స్థిరాంకం అంటారు. ఈ ఉపమానంలో అది వెతుకులాట కాలం, వలుపు కాలం సమానమయ్యే సాంద్రత. నిర్వచనంగా బట్టీపట్టే అంకెకు ఇలా ఒక భావం వస్తుంది. పోలిక కాకతాళీయం కాదు. వేటజంతువుల ఆహార సేకరణను అధ్యయనం చేసిన హోలింగ్ 1959లో, కళ్లకు గంతలు కట్టిన వ్యక్తి చేత బల్లపై గరుకు కాగితపు బిళ్లలు ఏరించి, ఇదే గణితరూపాన్ని రాబట్టాడు.

ఉపమానానికి హద్దుంది. ఎంజైమ్ అందుకున్న అణువును మార్చకుండానే వదిలేయవచ్చు. వలవని కాయను తిరిగి విసిరినట్లు. బ్రిగ్స్, హాల్డేన్‌లు 1925లో స్థిరస్థితి భావనతో సమీకరణంలో ఆ అవకాశాన్నీ ఇమిడ్చారు. ఈ హాల్డేనే 1957లో భారతదేశానికి వచ్చి, 1964లో పొరుగున ఉన్న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

లొట్టిలోని లెక్క

మైకేలిస్, మెంటెన్‌లు ఎంచుకున్న చర్య గోదావరి జిల్లాల్లో తాటిచెట్టు మీది లొట్టిలోనూ జరుగుతుంది. ఈస్టు తన కణపొర వెలుపల ఉంచే ఇన్వర్టేజ్ నీరాలోని సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. నీరా కల్లుగా మారే క్రమంలో అదొక మెట్టు. నీరాలో సుక్రోజ్ నూటికి 12 వంతులనుకుంటే గాఢత లీటరుకు 0.35 మోల్. వారి కొలతలో స్థిరాంకం సుమారు 0.0167 మోల్. అంటే గాఢత 21 రెట్లు. వేగం గరిష్ఠంలో 95 శాతం. ఉష్ణోగ్రత, ఆమ్లత వేరైతే ఈ అంకెలు మారతాయి గాని, లొట్టి ఆరంభంలోనే సమతల భాగంలో ఉందన్న అంచనా మారదు. పైగా సుక్రోజ్ మరీ ఎక్కువైతే ఇన్వర్టేజ్ వేగం తగ్గుతుంది కూడా; పాఠాల్లోని వక్రరేఖ మాత్రం కుడి అంచుదాకా సమతలంగానే సాగుతుంది.

నీరా పులియకుండా లొట్టి లోపల సున్నం పూస్తారు. అది చక్కెర గాఢతను మార్చదు. క్షారగుణంతో ఈస్టు, ఎంజైమ్‌ల పనికే అడ్డుపడుతుంది. రెండు లొట్టెల్లోనూ అధస్థ పదార్థం ఒకటే, వేగం ఒకటి కాదు.