పూత లేని గోడలు

ఉత్తర జర్మనీ సముద్రతీరంలో కట్టుబడి రాయి దొరకదు. మంచుయుగంలో స్కాండినేవియా వైపు నుంచి జారి వచ్చిన హిమనదాలు ఇక్కడ వదిలి వెళ్ళింది బంకమట్టి, ఇసుక, అక్కడక్కడా గుండ్రటి బండరాళ్ళు. అంతే. ఫ్రాన్సులో సున్నపురాయిని చెక్కి ఆకాశానికి ఎత్తిన చర్చిల సంగతి ఈ తీరపు వర్తకులకు తెలుసు. తమ ఊళ్ళోనూ అంత ఎత్తున కట్టుకోవాలనుకున్నారు. డబ్బుంది, ఓడలున్నాయి, రాయి లేదు. మట్టిని కాల్చి కట్టారు. బాల్టిక్ సముద్రం పక్కన ల్యూబెక్, విస్మార్, రోస్టాక్, స్ట్రాల్‌జుండ్ రేవు పట్టణాలు అలా ఎర్రగా లేచినవే.

వీటిలో నేను వెళ్ళింది విస్మార్‌కి. ఇళ్ళు కట్టించే పనిలో ఉన్నవాణ్ణి కనుక ఆ ఊరి ఫొటోలు ఎప్పుడు కనబడినా నా చూపు గోడల దగ్గరే ఆగిపోయేది. హాంబర్గ్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు వెంట వచ్చాడు. రైల్లో వెళ్ళి బాడ్ క్లైనెన్ అనే చిన్న జంక్షన్‌లో మారాలి. "బెర్లిన్ చూడకుండా ఈ చిన్న ఊరేమిటి మామయ్యా?" అని దారంతా అడుగుతూనే ఉన్నాడు. "గోడలు చూద్దువుగాని రారా" అన్నాను. జనాభా సుమారు 43,000 ఉన్న ఊరది. 2002లో స్ట్రాల్‌జుండ్‌తో కలిపి దాని పాత పట్టణాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఊరి చరిత్ర చాలా ఉంది, నేను ముక్తసరిగా చెబుతాను. పట్టణంగా విస్మార్ పేరు పదమూడో శతాబ్దం తొలి భాగంలో వినబడుతుంది. 1259లో ల్యూబెక్, రోస్టాక్‌లతో కలిసి సముద్రపు దొంగల మీద ఒప్పందం చేసుకుంది. హన్సా అనే వర్తక పట్టణాల కూటమి బలపడటానికి వేసిన తొలి అడుగుల్లో అదొకటి. హెర్రింగ్ చేప, ఉప్పు, బీరు, ఉన్ని గుడ్డలు ఈ రేవుల మీదుగా తిరిగేవి. ముప్పయ్యేళ్ళ యుద్ధం ముగిశాక 1648లో ఊరు స్వీడన్ చేతికి పోయింది. 1803లో స్వీడన్ దాన్ని పొరుగునున్న మెక్లెన్‌బుర్గ్ సంస్థానానికి వందేళ్ళ గడువుతో తాకట్టు పెట్టింది. గడువు తీరిన 1903లో ఇక విడిపించుకోబోమని చెప్పేసింది. ఊళ్ళకు ఊళ్ళు తాకట్టుకు వెళ్ళిన కాలం అది.

పాత రేవు నుంచే మొదలుపెట్టాం. ఒడ్డున కట్టేసిన పడవల్లోంచే పొగబెట్టిన చేపలు, బ్రెడ్డులో పెట్టిన హెర్రింగ్ అమ్ముతారు. అక్కడికి దగ్గర్లోనే నీటి ద్వారం, వాసర్‌టోర్. ఊరి చుట్టూ ఉన్న ఐదు కోట గుమ్మాల్లో మిగిలింది ఇదొక్కటే. పదిహేనో శతాబ్దం నడిమి కాలపు కట్టడం. ముర్నావ్ తీసిన మూకీ చిత్రం 'నోస్ఫెరాటు' 1922లో విడుదలైంది, అందులో ఈ గుమ్మం కనిపిస్తుంది. మేనల్లుడికి ఆ సినిమా తెలుసు. ఫోను తీసి ఫొటోల మీద ఫొటోలు తీశాడు. నేను గుమ్మం పక్కకు వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టాను.

ఆ ఇటుక మన ఇటుక కాదు. పొడవు 28 సెంటీమీటర్లకు అటూ ఇటూ, వెడల్పు అందులో సగం, మందం 9 దాకా. మనం వాడే తొమ్మిదంగుళాల ఇటుకకు దాదాపు రెట్టింపు పరిమాణం. ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాపీ ఆడించే బరువు కాదు. వరస చూశాను. పొడవు కనిపించేలా రెండు ఇటుకలు, తర్వాత తల కనిపించేలా ఒకటి, మళ్ళీ పొడవువి రెండు. తల కనిపించే ఇటుక గోడ లోపలికి చొచ్చుకుపోయి పట్టు ఇస్తుంది. అసలు ఈ పెద్ద గోడలు నిండా ఇటుకతో కట్టినవి కావు. బయట ఒక ఇటుక పొర, లోపల ఒక ఇటుక పొర, నడుమ రాళ్ళూ ఇటుక ముక్కలూ సున్నంతో కూరిన నింపుడు. ఆ రెండు పొరలూ విడిపోకుండా పట్టి ఉంచేవి ఈ లోపలికి చొచ్చిన ఇటుకలే. బయటి నుంచి చూసేవాడికి అది ముగ్గులా కనిపిస్తుంది, కట్టేవాడికి మాత్రం అదే బలం.

ముఖ్యంగా ఆ గోడకు పూత లేదు. ఏ వరస ఎక్కడ వంకర పోయినా, ఏ సందులో సున్నం పలచబడినా అందరికీ కనబడుతుంది. కట్టిన మేస్త్రీ బతికున్నన్నాళ్ళూ రోజూ ఆ దారిన నడిచే ఉంటాడు. అతని పిల్లలూ నడిచి ఉంటారు. దాదాపు ఆరు వందల ఏళ్ళ తర్వాత హైదరాబాదు నుంచి వచ్చిన నేనూ చూస్తున్నాను. ఇటుక పనికి దీన్ని మించిన పరీక్ష ఉందనుకోను. మన దగ్గర ఇటుక గోడకు ఆ పరీక్షే లేదు. "ఎలాగూ ప్లాస్టరింగ్ అయిపోద్ది కదండీ" అన్న మాట ప్రతి సైటులోనూ వినిపిస్తుంది. పగిలిన ఇటుక, సందు తప్పిన వరస, తడపకుండా పెట్టిన ఇటుక, అన్నీ సిమెంటు పూత కిందికి పోతాయి. పని తెలిసిన మేస్త్రీలు మనకు ఈ రోజుకీ ఉన్నారు. వాళ్ళ పని ఎవరికీ కనబడదు. కనబడని పనిలో పనితనం ఎంతకాలం నిలుస్తుందన్నదే నా దిగులు. కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ దశాబ్దాల పాటు ఈ పూత అనవసరమని కట్టి చూపించాడు. 2007లో పోయేదాకా ఆయన మాట మీదే ఉన్నాడు. ఆయన్ని మనం గౌరవించాం, గోడలకు మాత్రం పూత పూస్తూనే ఉన్నాం.

రేవు నుంచి ఊళ్ళోకి వస్తే గ్రూబె అనే పాత కాలువ. మనుషులు తవ్విన వాగు అది, ఊరి మధ్యగా పారుతుంది. దాని పక్కన సెయింట్ నికొలాయ్ చర్చి. ఓడవాళ్ళ చర్చి ఇది, నికొలస్ వాళ్ళను కాచే సెయింటు. 1381లో మొదలుపెట్టి 1487 దాకా కట్టారు. లోపల నేల నుంచి కమాను కప్పుకు 37 మీటర్లు. మన లెక్కలో పన్నెండు అంతస్తుల ఎత్తు, నడుమ ఒక్క స్లాబు లేకుండా. లోపలికి వెళ్ళాక మేనల్లుడి ప్రశ్నలు ఆగిపోయాయి. 1703లో తుఫానుకు దీని గోపురపు శిఖరం కూలింది. తిరిగి ఆ ఎత్తుకు కట్టలేదు. ఇప్పటికీ మొండిగానే ఉంది.

నేను ఎక్కువసేపు నిలబడింది బయట, దక్షిణం వైపు. అక్కడి ముఖగోడ మీద నల్లగా, ఆకుపచ్చగా మెరుగు పూసి కాల్చిన ఇటుకలున్నాయి. మరియమ్మ, నికొలస్ రూపాలు వరసలు కట్టి మళ్ళీ మళ్ళీ వస్తాయి. రాతి చర్చిలో శిల్పి గోడ దగ్గర నిలబడి చెక్కగలడు. కాలిన ఇటుకను చెక్కితే పై పొర పోయి వాన నీరు తాగుతుంది. అందుకని ఆకారమంతా పచ్చి మట్టిలో ఉండగానే తేలిపోవాలి. కిటికీ అంచుకు గుండ్రం ఇటుక, స్తంభానికి పలకల ఇటుక, కమాను నరానికి మొనదేలిన ఇటుక, దేనికి దానికి చెక్క అచ్చు వేరు. మురుకుల గొట్టంలో బిళ్ళ మార్చినంత తేలిక కాదు. మట్టి ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, కాలేటప్పుడు ఇంకాస్త. అది ఎంతో ముందే అంచనా వేసి అచ్చును ఆ మేరకు పెద్దగా చెయ్యాలి. అంటే నలభై అడుగుల పైన కూర్చోబోయే ఇటుక ఆకారాన్ని బట్టీ దగ్గర నేల మీద ఉన్నప్పుడే ఎవరో మనసులో కట్టి పెట్టుకోవాలి. కంప్యూటరూ, కాగితం మీద ఇప్పటి ప్లానూ లేని రోజుల్లో ఆ లెక్క తప్పకుండా ఉండటం నాకు ఆ ఎత్తు కంటే పెద్ద సంగతి.

మట్టిని శీతాకాలానికి ముందు తవ్వి ఆరుబయట కుప్ప పోసేవారు. చలికి గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి మట్టి గడ్డలు విడిపోయేవి. వసంతంలో తొక్కి, ఇసుక చల్లిన అచ్చుల్లో కొట్టి, ఆరబెట్టి, కట్టెలతో కాల్చేవారు. మంటకు దగ్గరున్నవి నల్లబడి గట్టిపడతాయి, దూరంగా ఉన్నవి లేత రంగులో మెత్తగా మిగులుతాయి. మన బట్టీలో రెండు ఇటుకలు ఒకదానికొకటి కొట్టి ఖంగుమంటే మంచిదనుకుంటాం. ఆ గోడల్లో రంగు తేడాలు చూస్తుంటే ఏ ఇటుక బట్టీలో ఎక్కడ కూర్చుందో చాలావరకు చెప్పొచ్చు. గోడల నిండా చిన్న చిన్న చదరపు కన్నాలు కూడా ఉన్నాయి. పరంజా కర్రలు దూర్చిన చోట్లవి. పరంజా ఎంత ఎత్తుకు ఒక మెట్టు వేశారో వాటిని లెక్కపెట్టి తెలుసుకోవచ్చు.

బజారు చౌకు వంద మీటర్ల పొడవు, వంద మీటర్ల వెడల్పు. ఉత్తర జర్మనీలోని పెద్ద చౌకుల్లో ఒకటి. మధ్యలో నీళ్ళ మంటపం ఉంది. ఉట్రెక్ట్ నుంచి వచ్చిన ఫిలిప్ బ్రాండిన్ గీసిన నమూనాతో 1580 నుంచి 1602 వరకు కట్టారు. ఊరి బయటి ఊటల నీళ్ళు కొయ్య గొట్టాల్లో ఇక్కడికి చేరేవి. 1897 దాకా ఊరు ఆ నీళ్ళే తాగింది. ఫొటోలన్నీ దీనివే, అందంగానే ఉంటుంది. నాకు మాత్రం దాని వెనకనున్న ఇల్లు నచ్చింది. 1380 ప్రాంతంలో కట్టిన వర్తకుడి ఇల్లు, ఇప్పుడు హోటలు. దాన్ని 'పాత స్వీడన్‌వాడు' అని పిలుస్తారు. మెట్లు మెట్లుగా లేచిన ఇటుక ముఖగోడ దానికి. అలాంటి ఇళ్ళలో కింద పెద్ద హాలు, పైన అంతస్తులన్నీ సరుకు అటకలు. ఇల్లూ గోదామూ ఒకటే. సరుకు ఎంత ఉంటే ముఖగోడ అంత ఎత్తు, వీధిలో నడిచేవాడికి ఆసామి పరపతి అలా తెలిసేది.

ఇంకో రెండు చర్చిల గురించి చెప్పాలి. 1945 ఏప్రిల్‌లో, యుద్ధం ముగియడానికి కొద్ది వారాల ముందు, బాంబులు పడి సెయింట్ మారియెన్, సెయింట్ గేయోర్గెన్ చర్చిలు బాగా దెబ్బతిన్నాయి. అవి పక్కపక్కనే ఉంటాయి. తర్వాత ఊరు తూర్పు జర్మనీలో భాగమైంది. 1960లో అప్పటి ప్రభుత్వం మారియెన్ చర్చి శరీరాన్ని మందుగుండు పెట్టి పేల్చేసింది. 80 మీటర్ల గోపురాన్ని మాత్రం ఉంచారు. పదిహేనేళ్ళు వానల్లో నిలబడిన గోడలను పడగొట్టడానికి ఆ మందుగుండు కావలసివచ్చింది. దానికి ఎన్ని కారణాలు చెప్పినా నాకు సమ్మతం కాదు. దెబ్బతిన్న కట్టడం పాడైపోయిన కట్టడం కాదు. ఇటుకతో కట్టినదైతే అసలే కాదు, దాన్ని చెయ్యిపట్టేంత ముక్కల్లో మరమ్మతు చెయ్యొచ్చు. ఇప్పుడు అక్కడ చర్చి ఎంతవరకుండేదో తెలిసేలా పొట్టి ఇటుక గోడలు కట్టి ఉంచారు. స్తంభాలుండే చోట్లు కూడా తెలుస్తాయి. గోపురంలో ఒక బొమ్మల సినిమా వేస్తారు. బ్రూనో అనే ఇటుకే అందులో కథ చెబుతుంది, మట్టి తవ్వడం నుంచి కమాను మూసేదాకా. పిల్లలతో పాటు కూర్చుని చూశాను. దాన్ని తీసినవాళ్ళకు పని తెలుసు.

రెండో చర్చి గేయోర్గెన్‌ను పేల్చలేదు, బాగుచెయ్యనూ లేదు. కప్పు లేకుండా నలభై ఐదేళ్ళు అలాగే ఉంది. 1990 జనవరిలో తుఫానుకు ఉత్తరం వైపు ముఖగోడ కూలిపోయింది. బెర్లిన్ గోడ పడిన కొద్ది నెలలకే అది. అప్పుడు పని మొదలైంది. జర్మనీ స్మారక పరిరక్షణ ఫౌండేషన్ విరాళాలు కూడగట్టింది. 2010లో చర్చి మళ్ళీ తెరుచుకుంది. ఇరవై ఏళ్ళు పట్టింది. లోపల పాత ఇటుక ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో రంగును బట్టి తెలిసిపోతుంది. దాచలేదు, అదే నాకు నచ్చింది. మరమ్మతులో ఇంకో సంగతి, పాత గోడకు గట్టి సిమెంటు పెడితే దానికంటే ముందు ఇటుకే పగులుతుంది. తేమను లోపలే బంధిస్తుంది. ఉప్పుగాలి ఊళ్ళో అది మరీ చేటు. సున్నం అలా కాదు, గోడతో పాటు ఊపిరి తీస్తుంది. మన పాత కోటల్లో, గుళ్ళల్లో సిమెంటు మరమ్మతులు చేయిస్తున్నవాళ్ళను ఒక్కసారి ఇక్కడికి తీసుకురావాలనిపించింది.

పక్కపక్కనున్న ఆ రెండు చోట్లకూ బాంబుల దెబ్బలో పెద్ద తేడా లేదు. ఒకచోట మనుషులు చేతులెత్తేశారు, ఇంకోచోట ఆలస్యంగానైనా తాపీ పట్టుకున్నారు. గేయోర్గెన్ గోపురం మీద చూసే వేదిక ఉంది. అక్కడికి వెళ్తే ఊరు, రేవు, పక్కనున్న మారియెన్ ఖాళీ జాగా, అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. "ఆ చర్చిని కూడా మళ్ళీ కడితే?" అన్నాడు మేనల్లుడు. కట్టకూడదన్నాను. పేల్చిన సంగతి ఆ జాగా చెబుతూనే ఉండాలి. వాడు ఒప్పుకోలేదు. హాంబర్గ్ చేరేదాకా వాదించుకున్నాం.

తిరిగొచ్చాక చేతిలో ఉన్న సైటులో ప్రహరీ గోడ పని మిగిలి ఉంది. యజమాని దగ్గర కూర్చుని, వీధి వైపు గోడకు పూత వద్దని, ఇటుక కనిపించేలా కట్టించుకోమని అడిగాను. ఆయన కొంచెం తటపటాయించి ఒప్పుకున్నారు. మేస్త్రీకి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అట్లయితే ఇటుకలు ఏరాలండీ. లోడులో సగం పనికిరావు. ఏరడానికి ఒక మనిషిని ఎక్కువ పెట్టండి, నేనూ రోజుకు కట్టేదాంట్లో సగమే కట్టగలను" అన్నాడు. మనిషిని పెట్టాను. గోడ ఇప్పుడు నడుము ఎత్తుకు వచ్చింది.