బుకాయింపు ముఖంలో లేదు

1998లో జాన్ డాల్ తీసిన 'రౌండర్స్' పోకర్ ఆట మీద వచ్చిన చిత్రాల్లో పేరున్నది. మొదట్లోనే మైక్ అనే కుర్రవాడు టెడ్డీ చేతిలో 30,000 డాలర్లు పోగొట్టుకుంటాడు. చివర్లో టెడ్డీ బిస్కెట్ తినే తీరును బట్టి అతని ముక్కల బలం పసిగడతాడు. చూసినవాళ్ళకి గుర్తుండేది ఆ బిస్కెట్టే. నా దృష్టిలో చిత్రానికి బలహీనమైన చోటు కూడా అదే. సంగతి బయటపడగానే టెడ్డీ బిస్కెట్లు విసిరికొడతాడు. ఇక గుర్తేదీ?

బుకాయింపు ముఖంతో కాదు, లెక్కతో నిలుస్తుంది. మధ్యలో 100 డాలర్లుండగా 50 కాస్తే, మూడుసార్లలో ఒకసారి ఎదుటివాడు ముక్కలు పడేసినా మన డబ్బుకి నష్టం లేదు. 100 కాస్తే రెండుసార్లలో ఒకసారి పడెయ్యాలి. ఎంత కాసినా పడెయ్యనివాడి దగ్గర ఈ విద్య దండగ. ఓ మాదిరి ముక్కలు ఊరికే చూపినా గెలవవచ్చు. అందుకే బుకాయింపుకి బొత్తిగా పనికిరాని ముక్కలే తగినవని వాన్ నాయ్‌మన్, మోర్గెన్‌స్టెర్న్ 1944 నాటి గ్రంథంలో గణితంతో చూపారు.

చిత్రం నిజంగా ఎదిగేది చివరి ఆటలో. చేతికి వరుస కుదిరినా మైక్ పందెం పెంచడు, ఏమీ లేనివాడిలా కూర్చుంటాడు. టెడ్డీయే తన కుప్పంతా మధ్యలోకి తోస్తాడు. 1988 వరల్డ్ సిరీస్ తుదిపోరులో జానీ చాన్ ఎరిక్ సైడెల్‌ని పడగొట్టింది ఇలాగే. లేనిది ఉన్నట్టు చూపడం బుకాయింపులో సగమే, ఉన్నది దాచుకోవడం మిగతా సగం. మూడు ముక్కలాట ఎరిగినవాళ్ళకిది కొత్త కాదు. బిస్కెట్ సంగతి మరచి, ఆ మౌనం కోసం ఈ చిత్రం చూడాలి.