అతిథి వైపు తెరుచుకునే మడత

ఆఫీసు బల్ల మీది వస్తువులు దాదాపు అన్నీ యజమాని వైపే చూస్తుంటాయి. కంప్యూటర్ తెర, డైరీ, కాలిక్యులేటర్ ఆయన కంటికీ చేతికీ అనువుగా అమరి ఉంటాయి. విజిటింగ్ కార్డుల స్టాండు ఒక్కటే ఆయనకు వీపు పెట్టి ఎదుటి కుర్చీ వైపు తిరిగి ఉంటుంది. ఆ జాతిలో నా మనసు దోచుకున్నది మడత స్టాండు. రెండు రెక్కలు, మధ్యన మడతబందు, లోపలి ముఖాన చిన్న డిజిటల్ గడియారం. కొత్త సంవత్సరానికి కంపెనీలు పంచే కానుకల్లో కలిసిపోయి వచ్చే ఈ వస్తువును చాలామంది రెండోసారి చూడరు. చూడాలి. బాగా కుదిరిన స్టాండులో ప్రతి గీతా, ప్రతి కోణమూ ఒకే భావానికి కట్టుబడి ఉంటాయి: వచ్చిన మనిషిని మర్యాదగా చూసుకోవడం.

మూసినప్పుడు అది అరచేతిలో పట్టే పలక. వెడల్పు 10 సెంటీమీటర్లకు అటూ ఇటూ, మందం 2 సెంటీమీటర్లు. పైన పేరు లేదు, అంకె లేదు. సన్నని గీరలు తేలిన అల్యూమినియం రేకు మీద కిటికీ వెలుగు మెల్లగా జారుతుంటుంది, అంతే. వేలికొనతో అంచు ఎత్తితే ముందు రెక్క బల్ల మీద పరుచుకుని పాదమవుతుంది. వెనక రెక్క లేచి గోడ అవుతుంది. రెండూ కలిసే చోట సన్నని గాడి, ఆ గాడిలో కార్డుల వరస, వరసకు పైన గడియారం గాజు. ఒక్క కదలికతో పాదం, గోడ, ముఖం మూడూ ఏర్పడ్డాయి. తిరిగి మూయాలంటే కార్డులు తీసి పక్కన పెట్టనక్కరలేదు. అవి రెక్కల నడుమ పడుకుంటాయి, గాజు కూడా లోపలే భద్రంగా ఉంటుంది. తెరిచే అందం, మూసే అందం ఒకే మడతలో ఒదిగిన వస్తువులు అరుదు.

మన ఇళ్లలో దీనికి పూర్వరూపం వ్యాసపీఠం. భాగవతమో రామాయణమో చదివేటప్పుడు విప్పి, చదవడం అయ్యాక మడిచి గోడకు ఆనించే చెక్క పీఠం. ఖురాన్ పఠనానికి వాడే రిహల్‌దీ అదే నిర్మాణం. ఒకే పలకను కోసి, రెండు రెక్కలు ఒకదానిలో ఒకటి ఇమిడేటట్టు మేకు లేకుండా చెక్కుతారు. అక్షరాన్ని కంటికి ఎదురుగా వాల్చి పట్టడం, పని లేనప్పుడు చోటు ఖాళీ చేయడం ఆ పీఠం గుణాలు. రెండూ ఈ స్టాండుకు అబ్బాయి. తేడా చదువరిలో ఉంది. వ్యాసపీఠం ముందు కూర్చునేది ఇంటివాడు, స్టాండు ముందు కూర్చునేది ఇంటికి వచ్చినవాడు.

ఇక వాలు సంగతి. ఈ వస్తువు ప్రాణమంతా అక్కడే ఉంది. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను బల్ల కన్నా సుమారు 45 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. చేయి చాచినంత దూరంలోని చిన్న వస్తువును చూడాలంటే చూపు 30 డిగ్రీలకు పైగా కిందికి వాలాలి. వెనక రెక్క కూడా సరిగ్గా అంత వెనక్కి వాలితే చూపు కార్డు మీద లంబంగా పడుతుంది. పేరు చదవడానికి అతిథి మెడ వంచనక్కరలేదు. ఆ వాలు వల్లనే కార్డులు ముందుకు తూలవు, గోడకు వీపు ఆనించి కుదురుగా నిలుస్తాయి. ఎల్‌సీడీ గడియారం గాజుకు కూడా అదే కావాలి, పక్కవాటుగా చూస్తే అంకెలు వెలిసిపోతాయి కనుక. చదివే కన్ను, నిలబడే కాగితం, కనబడాల్సిన అంకె అడిగేవి వేరువేరు. ఒక్క కోణం మూడింటికీ జవాబు చెప్పింది.

వెనక్కి వాలిన గోడ పడిపోకుండా ఉండటమూ ఒక కళే. చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే (300 జీఎస్ఎం) కాగితం మీద అచ్చయిన కార్డు గ్రామున్నర కూడా తూగదు. ఇరవై కార్డులు కలిపినా 30 గ్రాముల లోపే. ముందుకు చాచిన పాదంలో తగిన బరువుంటే ఆ భారాన్నీ గోడ భారాన్నీ కాచుకుంటుంది. అతిథి రెండు వేళ్లతో ఒక కార్డును పైకి లాగినప్పుడు స్టాండు కదలదు, రెండో చేత్తో పట్టుకోనక్కరలేదు. గాడి వెడల్పులోనూ ఇదే ఔదార్యం కనిపిస్తుంది. అమెరికాలో వాడుకైన కార్డు మూడున్నర అంగుళాలు, అంటే దాదాపు 89 మిల్లీమీటర్లు. జపాన్ కార్డు 91 మిల్లీమీటర్లు. ఏ దేశపు కార్డునైనా నలగనీయకుండా నిలబెట్టే ఆ కొద్దిపాటి ఖాళీని లెక్కలోని సడలింపు అనలేం. అది కొత్తవారికి అట్టిపెట్టిన చోటు.

నన్ను అన్నిటికన్నా పరవశింపజేసేది వెలుగు. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలోని కాంతిని తిప్పి ఇస్తుంది. ఆ గడియారం గాజుకూ సొంత వెలుగు లేదు, అది ద్రవ స్ఫటికాల తెర. 1888లో ప్రాగ్ నగరంలో శాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ రైనిట్జర్ క్యారెట్ నుంచి వచ్చిన కొలెస్టరాల్ సమ్మేళనాన్ని వేడిచేస్తూ ఒక వింత చూశాడు. అది 145 డిగ్రీల దగ్గర కరిగి మసకగా మారింది, 178 దాటాక తేటపడింది. ద్రవ స్ఫటికాల కథ అక్కడ మొదలైంది. 1970లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్ ద్రవ స్ఫటికాల అణువులను గాజుల మధ్య మెలితిప్పి, స్వల్ప విద్యుత్తుతో మెలిక విప్పి, కాంతిని ఆపే పద్ధతి కనిపెట్టారు. అంకె వెలగదు. వచ్చిన వెలుగును తన మేర అడ్డుకుని నల్లగా నిలుస్తుంది. కాగితం మీద సిరా చేసేదీ అదే. 1972లో మార్కెట్లోకి వచ్చిన పల్సర్ చేతిగడియారంలో అంకెలు ఎర్రగా మండేవి. అలాంటి అంకెను కార్డు నెత్తిన పెడితే పేరు వెలవెలబోతుంది. ఇక్కడ బూడిదరంగు గాజు మీది నల్లని అంకె, తెల్లని అట్ట మీది నల్లని అక్షరం ఒకే కిటికీ వెలుగులో పక్కపక్కన నిలిచాయి, ఏదీ రెండోదాన్ని చిన్నబుచ్చలేదు. ఔచిత్యమే రసవంతమైన కావ్యానికి ప్రాణమని 11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు చెప్పిన సూత్రానికి బల్ల మీద ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనబడలేదు.

ఆ గాజు వెనక మరో లోకం ఉంది. చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను 15 సార్లు సగం చేస్తే ఒకటి వస్తుంది, ఆ ఒకటే మన సెకను. ఇంత కదలికను బటన్ సెల్ ఒక్కటి నడుపుతుంది. అందుకే గడియారం ఇంత పలచని రెక్కలో ఒదిగింది. పైన అంకెలు మారుతూ ఉంటాయి, కింద పేరు మారదు. కదిలే కాలం, నిలిచే పేరు ఒకే గోడకు ఆనుకుని కనిపిస్తాయి.

ఆ గడియారం ఎదుటివారి వైపు ఉండటంలో మరింత లోతు ఉంది. మాట్లాడుతున్న మనిషి ముందు చేతిగడియారం చూసుకోవడం మన దగ్గర అమర్యాద. ఈ స్టాండు కాలాన్ని అతిథి చేతిలో పెడుతుంది. ఎంతసేపు కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆయనే నిర్ణయించుకుంటాడు. యజమాని తన పేరు, తన సమయం రెండూ ఆయనకు అప్పగించి, తనకు రెక్క వీపును మాత్రమే ఉంచుకున్నాడు.

ఈ గుణం పాత కార్డు పెట్టెలకు లేదు. 19వ శతాబ్దపు బర్మింగ్‌హామ్‌లో నథానియల్ మిల్స్ కోటలూ చర్చీలూ ఉబ్బెత్తుగా చెక్కి చేసిన వెండి పెట్టెలు అపురూపమైనవే. హైదరాబాద్ దుకాణాల్లో దొరికే బీదరీ పెట్టె మీద నల్లని లోహంలో మెరిసే వెండి తీగ పనికీ నేను చేతులు జోడిస్తాను. కానీ ఆ పెట్టెలు యజమాని అభిరుచిని ప్రకటిస్తాయి. మడత స్టాండు అతిథి అవసరాన్ని గుర్తిస్తుంది. ఇదే స్టాండుకు పెన్నుల గొట్టం, థర్మామీటరు, ఫొటో ఫ్రేము, బంగారు పూత కంపెనీ ముద్ర తగిలిస్తే రసాభాస అవుతుంది. మర్యాద పోయి ఆర్భాటం మిగులుతుంది.

వస్తువు రూపాన్ని విడిగా గౌరవించాలని చట్టాలు కూడా గుర్తించాయి. మన దేశపు 2000 నాటి డిజైన్ల చట్టం రూపాన్ని కంటితో మాత్రమే తూచమంటుంది. డిజైన్ల కోసం ఉన్న అంతర్జాతీయ లొకార్నో వర్గీకరణ స్టేషనరీని 19వ తరగతిలోనూ గడియారాలను 10వ తరగతిలోనూ ఉంచుతుంది. వర్గీకరణ వేరువేరు అరల్లో పెట్టిన రెంటినీ ఒక మడతబందు ఒక్కటి చేసింది.

దుకాణంలో ఈ స్టాండును కొనేవారు తమ వైపు తిప్పుకుని బాగుందో లేదో చూస్తారు. చూడాల్సింది అవతలి కుర్చీలో కూర్చుని. మెడ వంచకుండా పేరు చదవగలగాలి, రెండు వేళ్లతో కార్డు తీయగలగాలి, అంకె కార్డుతో పోటీ పడకూడదు. ఈ మూడూ కుదిరిన స్టాండును కళాఖండమనే అంటాను. దాని సౌందర్యంలో ఒక్క పిసరు కూడా సొంతదారు తన కోసం దాచుకోలేదు కనుక దాన్ని ఉత్తమ కళ అంటాను.