జగన్నాథ రథమూ, దాని తాళ్ళూ
(కీన్సు కరపత్రంపై కొన్ని మాటలు)

వడ్డీ రేటు, మారకపు రేటు అనే మాటలు వినగానే సాహిత్యం చదువుకున్న మనలో చాలామంది పుస్తకం మూసివేస్తారు. తెలుగు పాఠాలు చెప్పుకునే నేనూ కొన్నాళ్ళు అదే పని చేశాను. జాన్ మేనార్డ్ కీన్సు 1925లో ‘చర్చిలుగారి ఆర్థిక పర్యవసానాలు’ అనే అర్థం వచ్చే పేరుతో ప్రచురించిన చిన్న కరపత్రం నా అలవాటు తప్పని ఒప్పించింది. అది మంచి వచనం కూడాను. అందుచేత దానిని ఆర్థికశాస్త్రజ్ఞులకే వదలివేయనవసరం లేదు.

వస్తువు ఇది. బంగారంతో పౌనుకు గల లంకె 1919లో తెగిపోయింది. 1925 ఏప్రిల్‌లో బ్రిటిషు ఆర్థికమంత్రి చర్చిలు దానిని యుద్ధానికి ముందున్న వెలకే, అంటే పౌనుకు 4.86 డాలర్లకే, తిరిగి కలిపాడు. ఇంగ్లండులోని ధరలను బట్టి పౌను అంత చెయ్యదనీ, నూటికి పదివంతులు ఎక్కువ కట్టారనీ కీన్సు వాదం.

లేని విలువను నిలబెట్టేదేమిటి? ఇక్కడే వడ్డీ రంగప్రవేశం చేస్తుంది. ఆ మార్చిలోనే బాంక్ ఆఫ్ ఇంగ్లండు తన రేటును నూటికి 4 నుంచి 5కు పెంచింది. న్యూయార్కులో కంటె లండనులో వడ్డీ ఎక్కువైతే అక్కడి సొమ్ము ఇక్కడికి వస్తుంది. రావాలంటే డాలర్లు అమ్మి పౌనులు కొనాలి. కొనేవాళ్ళుంటే పౌను నిలుస్తుంది. బాగానే ఉన్నది. కాని అదే వడ్డీ ఇంగ్లండులో అప్పు తెచ్చి వ్యాపారం నడిపేవాడి మీదా పడుతుంది. వాడు ఉత్పత్తి తగ్గిస్తాడు, మనుషులను తీసివేస్తాడు. పనిలేనివాళ్ళు పెరిగితే పనిలో ఉన్నవాళ్ళ కూలి తగ్గించడం తేలిక. కూలీ, ధరలూ దిగి, కట్టిన వెల నిజమయ్యేదాకా ఇది సాగాలి. అప్పు బిగించడమంటే తెలిసి తెలిసి నిరుద్యోగాన్ని పెంచడమేనని కీన్సు మొగమాటం లేకుండా చెప్పాడు. బూర్జువా ఆర్థికవేత్త నోట ఈ మాట రావడం చిన్న సంగతి కాదు.

బొగ్గు ఎగుమతి సరుకు గనుక దెబ్బ మొదట గనుల మీద పడింది. యజమానులు కూలి తగ్గిస్తామన్నారు. 1926 మేలో తొమ్మిది రోజుల సార్వత్రిక సమ్మె జరిగింది. అది విరమించిన తర్వాత కూడా గనికార్మికులు నెలల తరబడి ఒంటరిగా పోరాడి, చివరకు తక్కువ కూలికి, ఎక్కువ గంటలకు తలవంచి గనుల్లోకి దిగారు.

ఈ కార్మికులను కీన్సు జగన్నాథ రథం క్రింద నలిగినవారితో పోల్చాడు. ఇంగ్లీషువాళ్ళు పూరీ నుంచి ఎత్తుకుపోయిన ఉపమానమిది. వాళ్ళ భాషలో అది ఎవరూ ఆపలేని విధి. రథోత్సవం చూచిన మనకు వేరే సంగతి తెలుసు: రథం దానంతటది కదలదు, తాళ్ళు ఉంటాయి, లాగే చేతులుంటాయి. ఆ చేతులు ట్రెజరీవి, బాంక్ ఆఫ్ ఇంగ్లండువి, లండను సిటీ పెద్దలవి అని కీన్సే పేరుపెట్టి చెప్పాడు. అంటే ఆయన వాదమే ఆయన ఉపమానాన్ని కాదంటున్నది. ఎందుకు లాగారనే ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు చాలావరకు సలహాదారుల తెలివితక్కువ మీదికి పోతుంది. నా పేచీ ఇక్కడే. పౌను ప్రియమైతే పౌనులలో అప్పిచ్చినవాడు బాగుపడతాడు. చౌక పౌనులతో యుద్ధబాండ్లు కొన్నవాడికి ప్రియమైన పౌనులలో వడ్డీ ముడుతుంది. దీనిని పొరపాటనడం కంటె లెక్క అనడం సబబు.

వడ్డీ మారకాన్ని ఎల్లకాలం మోయలేదని 1931 రుజువు చేసింది. జూలైలో బాంకు రేటును రెండున్నర నుంచి నాలుగున్నరకు పెంచినా సొమ్ము తరలిపోవడం ఆగలేదు. పౌను రేపు నూటికి ఇరవై పడిపోతుందేమోనని భయపడేవాడికి ఏడాదికి రెండు వంతుల వడ్డీ ఏపాటి? సెప్టెంబరు 21న లంకె మళ్ళీ తెగింది. కాపాడవలసిన వెల లేకపోయేసరికి వడ్డీ దిగివచ్చింది. 1932 జూన్ నాటికి నూటికి 2 అయింది.

ఈ ఉపశమనం మన రైతుకు దక్కలేదు. కరపత్రం పరిధి ఇంగ్లండే గనుక ఇక్కడినుంచి కీన్సును తప్పుపట్టను. 1927లో రూపాయిని 1 షిల్లింగు 6 పెన్నీలకు కట్టారు. 1 షిల్లింగు 4 పెన్నీలే న్యాయమన్న పురుషోత్తమదాసు ఠాకూర్‌దాసు అసమ్మతిని త్రోసివేశారు. 1931లో పౌను బంగారాన్ని వదలితే రూపాయిని అదే వెలకు పౌనుకు కట్టివేశారు. పంటల ధరలు కూలిపోయాయి. శిస్తు, పాత అప్పు రూపాయలలో ఉన్నచోటనే ఉన్నాయి. ఇళ్ళలోని బంగారం అమ్ముడుపోయి ఓడలెక్కింది, లండనులో పౌనుకే ఊతమైంది. కృష్ణా, గోదావరి డెల్టాల రైతుల అప్పులు ఎంతగా ముదిరాయంటే, 1938లో మద్రాసు రాష్ట్రం రైతుల రుణభారం తగ్గించే చట్టమే చేయవలసి వచ్చింది.

నేను చదివినంతలో ఆ కాలపు మన కథల్లో షావుకారు ఉన్నాడు, అతని ఇనప్పెట్టె ఉన్నది, తాకట్టుకు వచ్చిన పుస్తెలతాడు ఉన్నది. షిల్లింగు ఆరు పెన్నీలు కనపడలేదు.