బాణీ ఒకటే, వస్తువు ఒకటేనా?

వస్తువును బట్టి రూపం ఏర్పడుతుందని మనం ఎన్నోసార్లు రాసుకున్నాం, వాదించుకున్నాం. సూత్రంగా దానితో నాకు పేచీ లేదు. కాని రూపం ముందే తయారై ఉండి, దానిమీద కొత్త వస్తువును నిలబెట్టవలసి వస్తే ఏమవుతుందన్న ప్రశ్నను మనం అంతగా పట్టించుకోలేదు. పాత జానపద బాణీకి కొత్త మాటలు కట్టే కళాకారుడికి ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్నే. దాన్ని పరిశీలించడానికి నేను ఎంచుకున్న ఉదాహరణ కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. అమెరికన్ బర్లెస్క్ రంగస్థలం మీద ఒక పిల్లల పాట నుంచి బట్టలు విప్పే నృత్యం ఎలా తయారయిందన్నదే ఆ ఉదాహరణ.

బర్లెస్క్ అంటే మొదట ఈ అర్థం లేదు. అది ప్రహసనం. పెద్దలు పవిత్రంగా చూసే కథలను వెక్కిరించే ఆట. 1868లో లిడియా థాంప్సన్ ఇంగ్లండు నుంచి తన బృందంతో న్యూయార్కు వచ్చి ఆడిన 'ఇక్సియాన్' గ్రీకు పురాణానికి వెక్కిరింత. అందులో మగవేషాలు కూడా ఆడవాళ్లు కట్టారు. పోనుపోను వెక్కిరింత పలచబడి, విప్పడం చిక్కబడింది. 1937లో న్యూయార్కు నగర అధికారులు లైసెన్సులు తిరిగి ఇవ్వక ఆ థియేటర్లను మూయించేనాటికి జనం దృష్టిలో బర్లెస్క్ అంటే విప్పడమే.

ఆ కాలపు నర్తకుల్లో పేరు మోసిన జిప్సీ రోజ్ లీ 1957లో ఆత్మకథ ప్రచురించింది. దాని ఆధారంగా 1959లో 'జిప్సీ' అనే సంగీత నాటకం వచ్చింది. రచన ఆర్థర్ లారెంట్స్, సంగీతం జూల్ స్టైన్, పాటలు స్టీఫెన్ సాండ్‌హైమ్, దర్శకత్వమూ నృత్యమూ జెరోమ్ రాబిన్స్. 1962లో సినిమా కూడా అయింది. కూతుళ్లను ఎలాగైనా తారలను చెయ్యాలని ఊరూరా తిప్పే తల్లి రోజ్ కథ ఇది.

నాటకం మొదట్లో చిన్నపిల్లలిద్దరు ఒక పాట పాడతారు. మిమ్మల్ని నవ్విస్తాం, వినోదపరుస్తాం అని సభకు దండం పెట్టే తరహా పాట. చురుకైన నడక, ముద్దు మాటలు. ఏళ్లు గడుస్తాయి. టాకీలు వచ్చి, ఆర్థిక సంక్షోభం వచ్చి, వాడెవిల్ ప్రదర్శనలు చచ్చిపోతాయి. చిన్న కూతురు పారిపోతుంది. మిగిలిన లూయీజ్, తల్లి గతిలేక ఒక బర్లెస్క్ థియేటరుకు చేరతారు. ప్రధాన నర్తకి అరెస్టయిన రోజున ఆ ఖాళీలోకి తల్లి తన కూతురునే తోస్తుంది. అప్పుడు లూయీజ్ పాడేది ఏ పాట? ఆ పిల్లల పాటే!

ఇక్కడ ఆగి చూడాలి. బాణీ అదే. మాటలూ దాదాపు అవే. మారినవి ఏమిటి? నడక నెమ్మదించింది. తాళం బరువెక్కింది. ఇత్తడి వాద్యాలు దీర్ఘం తీస్తున్నాయి. చరణానికీ చరణానికీ మధ్య సందు వచ్చింది. పిల్లల పాటలో ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చిన ఆ సందు ఇప్పుడు చేతి గ్లౌజు జారడానికి పనికొస్తుంది. నర్తకి విప్పేది పాట మీద కాదు, పాట ఆగిన చోట. ప్రేక్షకుడు తరవాతి స్వరం కోసం ఎదురుచూస్తూ తరవాతి గుడ్డ కోసం కూడా ఎదురుచూస్తాడు. సంగీతం సృష్టించిన నిరీక్షణను వ్యాపారం తన ఖాతాలో వేసుకుంటుంది. శిల్పం అని మనం అనేది ఎంత అమాయకమైన మాట!

అంతకంటె భయంకరమైనది మరొకటి ఉంది. ఆ పిల్లల పాటలో ఈ అర్థం మొదటినుంచీ ఉంది. మీకేం కావాలో అది చేసి చూపిస్తాం అనే మాటను తొమ్మిదేళ్ల పిల్ల నోట విని మనం మురిసిపోయాం. అదే మాట పడుచుపిల్ల నోట విని తడబడతాం. అమ్మకం మాత్రం మొదటి రంగంలోనే మొదలయింది. వస్తువు మారలేదు, పరదా తొలగింది. స్టైన్ ఒక్క బాణీతో చేసిన ఈ పనికి మరో రచయితకు పేజీల కొద్దీ సంభాషణలు కావలసివచ్చేవి. ఈ నాటకంలో నేను నిజంగా గౌరవించేది దీన్ని.

ఇక శ్రమ సంగతి. బర్లెస్క్ బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు కాగితం చూసి వాయించడు, నర్తకి నడుమును చూసి వాయిస్తాడు. ఆమె కదిలినప్పుడే దెబ్బ. అంటే కాలం ఆమె చేతిలో ఉంది. తన శరీరం మీద హక్కు లేకపోయినా తన లయ మీద హక్కు కొంత మిగిలింది. కోస్తా జిల్లాల తిరునాళ్లలో రికార్డింగ్ డాన్సు చూసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. రికార్డు ఎవరికోసమూ ఆగదు. సినిమాలో మరెవరో ఆడిన ఆటను, మరెవరో నిర్ణయించిన వేగంతో, అలసినా సరే ఆ అమ్మాయి పూర్తి చెయ్యాలి. అశ్లీలం అని తీర్మానించి తల తిప్పుకున్న మన విమర్శకులు (నేనూ అందులో ఒకణ్ణే) ఈ తేడాను గమనించలేదు.

నాటకం లోపం కూడా చెప్పాలి. జరిగినదానికంతా తల్లి ఆశే కారణమన్నట్లు కథ నడుస్తుంది. వాడెవిల్ చచ్చిందన్న మాట వినిపిస్తుందే కాని, ఎందుకు చచ్చింది, థియేటరు యజమాని ఎంత మిగుల్చుకున్నాడు అన్నవి రంగం మీదికి రావు. లూయీజ్ ఊరి నుంచి ఊరికి ఎదుగుతూ మిన్‌స్కీ థియేటరు చేరే ఘట్టంలో ప్రతి ఊరికీ బట్టలు ఖరీదవుతాయి, పాట బలుస్తుంది. వేతనం, పోలీసు, రైలు ప్రయాణపు నిద్రలేమి మాయమవుతాయి. మనకు తెలియకుండానే చప్పట్లు కొడతాం. అసలు జిప్సీ రోజ్ లీ విప్పడం కంటె మాట్లాడ్డం ఎక్కువ చేసేది. పెద్దింటి మేధావుల భాషను వెక్కిరిస్తూ గ్లౌజు తీసేది. లిడియా థాంప్సన్ నాటి ప్రహసనం ఆమెలో ఇంకా బతికే ఉందన్నమాట. నాటకంలో దాని జాడ పలచన. స్పెయిన్ రిపబ్లిక్ కోసం చందాలు పోగుచేసిన ఆ మనిషి పేరు 1950లో 'రెడ్ ఛానెల్స్' అనే కమ్యూనిస్టు వ్యతిరేక జాబితాకు ఎక్కింది. లారెంట్స్ తానూ బ్లాక్‌లిస్టు బాధితుడే. రాబిన్స్ 1953లో విచారణ సంఘం ఎదుట సహచరుల పేర్లు చెప్పినవాడు. వీరంతా కలిసి చేసిన నాటకంలో భయం అన్నది ఒక్క తల్లి గుండెలోనే ఉంటుంది!

అయినా చివరి రంగం ఈ లోపాన్ని కొంత పూడుస్తుంది. ఆ చోట పెద్ద నృత్యరూపకం పెట్టాలని రాబిన్స్ అనుకున్నాడు, వ్యవధి చాలలేదు. అప్పుడు సాండ్‌హైమ్, స్టైన్ నాటకంలోని పాత పాటల ముక్కలు ఏరి కొత్త పాట అల్లారు. కూతురు పెద్ద తార అయ్యాక, ఎవరికీ అక్కరలేని తల్లి ఖాళీ రంగస్థలం మీద ఒంటరిగా నిలబడి బర్లెస్క్ నర్తకిలా నడుము తిప్పుతుంది. ఒక మాట దగ్గర నాలుక తడబడుతుంది. మళ్లీ ఎత్తుకుంటుంది, మళ్లీ తడబడుతుంది. సంగీతం ఆమె కోసం ఆగుతుంది. నాటకమంతటా ఇతరుల లయను శాసించిన మనిషికి తన లయ దొరకడం లేదు.