సుల్తానా కలలో అడవి ఎక్కడ?

సైన్స్ ఫిక్షన్ అనగానే మన పిల్లలు రజనీకాంత్ రోబో పేరు చెబుతారు. అయ్యవార్లమూ అదే చెబుతాం. రొకెయా సఖావత్ హుస్సేన్ అనే బెంగాలీ ముస్లిం రచయిత్రి ‘సుల్తానాస్ డ్రీమ్’ రాసి నూట ఇరవై ఏళ్లు దాటింది. 1905లో దాన్ని అచ్చువేసింది మద్రాసు నుంచి వచ్చే ‘ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్యనాథన్ రాజమండ్రిలో పుట్టిన తెలుగావిడ. ఆ కథ మనకు అంత దగ్గరిది.

కథ చిన్నదే. కునుకు తీస్తున్న సుల్తానాను సారా అనే స్నేహితురాలు బయటికి తీసుకెళ్తుంది. పట్టపగలు వీధుల్లో అందరూ ఆడవాళ్లే. మగవాళ్లు ఇంటి లోపల మర్దానాలో ఉంటారు, వంట వాళ్లదే. పాతబస్తీలో పాఠాలు చెప్పేవాళ్లకు జనానా అంటే ఏమిటో విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడి పాత దేవిడీల్లో ఆడవాళ్ల భాగం వేరు. నేను ఆ కథను రెండోసారి చదివింది ఈ ఊరికి బదిలీ అయ్యాకే. మొదటిసారి, డి.ఎడ్. రోజుల్లో, తలకిందులైన వంటింటిని చూసి నవ్వుకున్నాను. ఈసారి వాన దగ్గర ఆగిపోయాను.

ఆ దేశంలో ఆడవాళ్ల విశ్వవిద్యాలయం ఒకటి, గొట్టాలు కట్టిన బెలూన్‌ను మబ్బులపైకి వదిలి నీళ్లు తోడుకుంటుంది. ఇంకొకటి ఎండ వేడిని పట్టి దాచుకుంటుంది. ఇక మబ్బు కమ్మదు, వాన పడదు, గాలివాన రాదు. కథ వచ్చిన మూడేళ్లకు, 1908 సెప్టెంబరు 28న, మూసీ పొంగి ఈ నగరాన్ని ముంచేసింది. ఆ వరద సంగతి విన్నవాళ్లకు బెలూన్ గొప్ప వరంలా కనిపిస్తుంది. నేను కోయ ఇంట్లో పుట్టాను. మావాళ్లు భూమి పండగ చేసి విత్తనం వేసేది వానను నమ్ముకునే. వాన ఆగిన దేశంలో వెదురు కొమ్ములు ఎక్కడ లేస్తాయి? పుట్టగొడుగులు ఎక్కడ మొలుస్తాయి? వెతికి చూశాను. ఆ దేశమంతా పూలతోట, కరెంటుతో దున్నే పొలాలు. అడవి లేదు.

రొకెయా పోట్లాట తలుపుతో. మా అమ్మకు ఆ తలుపు లేదు, సంతకు పోయేది, ఇప్పపువ్వు ఏరేది. ఆమె భయమంతా ఫారెస్టు చెక్‌పోస్టు అంటేనే. అయినా ఈ కథలో మనకు పనికొచ్చేది చాలా ఉంది. పక్క రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్లను రాణి అప్పగించదు, యుద్ధం వచ్చినా సరే. మరొకరి నేల మీద తమకు ఆశ లేదంటుంది, కోహినూరును మించిన వజ్రం కోసమైనా కొట్లాడమంటుంది. గోల్కొండ పక్కనే ఉండి చదివితే ఆ మాట ఇంకొంచెం గట్టిగా వినిపిస్తుంది.

రొకెయా మనలాగే బడి నడిపిన మనిషి. 1911లో కలకత్తాలో ఆడపిల్లల బడి పెట్టింది. పర్దా కోసం అన్నివైపులా మూసేసిన బడి బస్సులో పిల్లలు ఉక్కపోతకు సొమ్మసిల్లేవారు. గాలి కోసం తెరలు కడితే పర్దా పోయిందని ఇంకొందరు దెబ్బలాడారు. కథలో గాలిలో ఎగిరే బండి ఎక్కించిన రచయిత్రి అనుభవం ఇది. టీచర్లు ఈ రెండు బళ్లనూ కలిపి చెప్పాలి.

అడవి కోసం నేను ఉర్సులా లె గ్విన్ దగ్గరికి వెళ్లాను. ఈ అమెరికా రచయిత్రి 1972 నాటి నవలిక పేరు ‘ది వర్డ్ ఫర్ వరల్డ్ ఈజ్ ఫారెస్ట్’. అందులోని జనానికి లోకం, అడవి ఒకే మాట. భూమి నుంచి వచ్చినవాళ్లు కలప కోసం అడవి నరుకుతారు, ఆ జనంతోనే వెట్టి చేయిస్తారు. జోడేఘాట్ తెలిసిన మనకు ఆ తిరుగుబాటు కొత్తేమీ కాదు. ఊళ్లు నడిపేది అక్కడి ముసలమ్మలే కావడం నాకు మరీ నచ్చింది. గెలిచాక కూడా, నేర్చుకున్న చంపడం తమవాళ్లను వదలదని ఆ నాయకుడికి తెలుసు. అంత నిజాయితీ రొకెయా యుద్ధంలో లేదు. అక్కడ ఎండ వేడి తగలగానే శత్రువులు పరుగెత్తిపోతారు, అంతే. కానీ లె గ్విన్ అడవిలో ప్రయోగశాల లేదు. పరికరాలన్నీ బయటివాళ్లవే. విల్లు పట్టుకున్న బొమ్మగా పాఠ్యపుస్తకంలో తనను చూసుకునే మన పిల్లకు అది సరిపోదు.

లె గ్విన్ పుస్తకంలో ఆడవాళ్లపై దారుణం ఉంది, డి.ఎడ్. చదివే పెద్దవాళ్లకే ఇవ్వండి. సుల్తానా కలను ఆశ్రమ పాఠశాలలో రెండు పీరియడ్లలో చెప్పేయొచ్చు. చెప్పాక ఆ బెలూన్ బొమ్మ గీయించండి. కింద తమ వాగు, పోడు చేను కూడా గీసి, ఏ గొట్టం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వాళ్లనే రాయమనండి.