భీమిలి: మోకు పట్టిన తీరం

హైదరాబాద్ అడిక్‌మెట్‌లో ఉండేవాళ్ళకి సముద్రమంటే రాత్రి రైలు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో ఉంటాం. అలా దిగినవాళ్ళు ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ చుట్టేసి, ఓపికుంటే మధ్యాహ్నం భీమిలి దాకా కారులో వెళ్ళి, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. భీమిలిలో చూడాల్సింది ఆ వేళకి అయిపోయి ఉంటుంది.

సముద్రపు విహారం అనగానే సినిమాల పుణ్యమా అని ఇటలీ గుర్తొస్తుంది. అక్కడి రిమినిలో 1843లోనే సముద్ర స్నానాల కోసం ప్రత్యేకంగా ఏర్పాట్లు చేశారు. ఇవాళ ఆ ఇసుక మీద గొడుగులు బారులు తీరి ఉంటాయి, గొడుగుకీ కుర్చీకీ అద్దె. దక్షిణాన పోసితానో ఒకప్పుడు చేపలు పట్టుకు బతికిన పేద ఊరు. 1953లో జాన్ స్టైన్‌బెక్ హార్పర్స్ బజార్ పత్రికలో దాని గురించి రాశాక లోకం చూపు అటు పడింది. ఇప్పుడక్కడ వల కంటే హోటల్ బోర్డే ముందు కనిపిస్తుంది. భీమిలి కూడా అంతే అందమైన ఊరు. కొండ, నది, కడలి మూడూ ఒక్కచోటే ఉన్నాయి. కానీ ఇక్కడి ఇసుక ఇంకా పూర్తిగా విహారానికి అమ్ముడుపోలేదు. నా దృష్టిలో భీమిలి సొగసంతా అందులోనే ఉంది.

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చిన గోస్తని ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. ఊరి వెనక పావురాళ్ళకొండ మీద బౌద్ధుల కాలం నాటి శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి. ఆ కొండ వాలులోనే నరసింహస్వామి గుడి. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు నేత బట్టల కోసం వచ్చి ఇక్కడ స్థావరం పెట్టారు. 1824 ఒప్పందంతో ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి వెళ్ళిపోగా, డచ్చివాళ్ళకి తీరం పక్కన సమాధులు మిగిలాయి. 1861లో ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది, దేశంలో తొలినాటి మునిసిపాలిటీల్లో అదొకటి. గోగునారకి విదేశీ మార్కెట్లో బిమ్లీ జనుమన్న పేరు ఈ రేవు పెట్టిందే. మన పప్పులో వేసే గోంగూర వరసదే ఆ మొక్క, కాబట్టి లండన్ గోదాముల్లో గోగుకట్టలకి భీమిలి పేరు పలికిందని మనం కాస్త గర్వపడొచ్చు.

ఇంత వ్యాపారం జరిగినా భీమిలికి హార్బరంటూ లేదు. ఓడ ఒడ్డుకి రాలేదు, దూరాన లంగరు వేసుకుని ఉండేది. మధ్యలో విరిగిపడే అలల్ని దాటించి సరుకు చేర్చడం పడవవాళ్ళ పని. దానికి వాడిన మసూలా పడవలో ఇనుప మేకన్నదే ఉండదు. పలకల అంచుల వెంట బెజ్జాలు చేసి, కొబ్బరి పీచు తాడుతో కుట్టి, సందుల్లో పీచో గడ్డో కూరేవారు. అల ఎత్తి ఇసుకకేసి కొడితే మేకులు కొట్టిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ ఒళ్ళు విరుచుకున్నట్టు వంగి, మళ్ళీ తన రూపానికి వస్తుంది. లోపలికి నీళ్ళూరతాయి నిజమే, తోడిపోయడానికి ఒక మనిషి ఉండేవాడు. తెల్లదొరలు కూడా తమ పడవలు పక్కనపెట్టి వీటిలోనే ఒడ్డుకి దిగేవారు.

1890ల్లో వచ్చిన మద్రాసు-కలకత్తా రైలు మార్గం భీమిలిని తాకకుండా విజయనగరం మీదుగా పోయింది. 1933లో విశాఖ హార్బర్ తెరవగానే ఓడలు అక్కడికి మళ్ళాయి. రేవు పోయింది కానీ అలని ఎదుర్కొనే విద్య పోలేదు. అది వల రూపంలో మిగిలింది.

ఆ వలని చూడాలంటే పొద్దు పొడవకముందే ఇసుక మీద ఉండాలి. వలకి కట్టిన మోకు ఒక కొస ఒడ్డున కొందరు పట్టుకుంటారు. పడవ రెండో కొసతో బయల్దేరి, వలని సముద్రంలో అర్ధచంద్రంలా పరుచుకుంటూ పోయి, కాస్త దూరంలో మళ్ళీ ఒడ్డుకొస్తుంది. పైన బెండ్లు తేలతాయి, కింద బరువులు వలని నేలకి ఆనిస్తాయి. అప్పుడు రెండు జట్లూ లాగుడు మొదలుపెడతాయి. ఇందులో బలం కంటే లెక్క ముఖ్యం. అల వెనక్కి తీసేటప్పుడు లాగితే మోకు చేతులు కోస్తుంది. అందుకే అప్పుడు మడమలు ఇసుకలో గుచ్చి ఆగుతారు, అల ముందుకొచ్చినప్పుడు అడుగు వెనక్కి వేస్తారు. రెండు కొసలూ క్రమంగా దగ్గరపడతాయి. ఒకవైపు వాళ్ళు తొందరపడితే వల ఒరిగి, చేప పక్కనుంచి జారుకుంటుంది. వల రెక్కల్లో కళ్ళు పెద్దవి, మధ్య సంచికి వచ్చేసరికి సన్నబడతాయి. చేప బెదిరి సంచివైపే పోతుంది.

చేతులు కట్టుకుని చూస్తున్న నన్ను ఒక పెద్దాయన పిలిచాడు. "ఏటి బాబూ, ఉత్తినే సూత్తన్నారు? ఓ సెయ్యెయ్యండి." వేశాను. తడిసిన మోకు బరువు భుజాల దాకా తెలిసింది. సంచి ఒడ్డు చేరగానే నెత్తళ్ళు, కవళ్ళు, నాలుగు కానాగంతలు, బోలెడు జెల్లీ చేపలు. గంపలతో కాచుకున్న ఆడవాళ్ళు అక్కడికక్కడే బేరం మొదలెట్టేశారు. పడవకో వాటా, వలకో వాటా, మిగిలింది లాగినవాళ్ళకి.

ఈ వలలో మచ్చ లేదనను. సన్నకళ్ళ సంచిలో పిల్ల చేపలూ పడతాయి, మత్స్యశాస్త్రజ్ఞులు దీన్ని తప్పుపట్టేది అందుకే. అయినా డీజిలు తాగదు. పడవ కొనలేని మనిషికి కూడా ఆ పూట కూర దొరికే పని ఇది. దానికి కావాల్సిందల్లా అడ్డుగోడ లేని పొడవాటి ఇసుక. బీచ్ రోడ్డు వెంట రిసార్టులు పెరిగే కొద్దీ తగ్గుతున్నదీ అదే. దారిలో కనిపించే ఎర్రమట్టి దిబ్బలకి 2014లో జాతీయ భూవారసత్వ గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చోటు కూడా దక్కింది. మంచిదే. వల లాగే ఇసుకకి మాత్రం అలాంటి బోర్డు ఏదీ లేదు. దాన్ని ఇక్కడ చేపలు పట్టే జాలారులకీ వాడబలిజలకీ వదిలిపెట్టాకే హోటళ్ళకి అనుమతులివ్వాలి.

విశాఖ రైల్వే స్టేషన్ నుంచి 900కె బస్సు బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్తుంది. ముందురోజే వెళ్ళి, రాత్రి ఆ ఊళ్ళోనే ఉండండి. పొద్దున ఇసుక మీద మోకు కనిపిస్తే దాటిపోకండి, ఒక చెయ్యి వెయ్యండి. చేపలు కొంటే ఆ గంపల దగ్గరే కొనండి.